ఇంటివారిని కదల్పకుండ ఇంటిని బాగుచేయుట



గచ్చిబౌలి అను పేరు నీవు వినియుందువు. హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున ఉన్న ఈ చోటి పేరు చెప్పగానే నేడు అద్దాల మేడలు, కంప్యూటరు కంపెనీలు, వెడల్పైన రోడ్లు తలంపునకు వచ్చును. కాని ఆ పేరును విడదీసి చూడుము. గచ్చు అనగా సున్నము నూరి చేసిన పూత. బౌలి అనగా మెట్లబావి. 1998వ సంవత్సరము నవంబరులో దీనికి దాపుననే మాదాపూరులో సైబర్ టవర్స్ తెరువబడక మునుపు, 1974లో స్థాపింపబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము ఇచ్చటికి తరలి రాక మునుపు, ఇది బండరాళ్ల గుట్టలు, చెరువులు, పొలములు గల పల్లెసీమ. గచ్చు పూసిన బావికి ఒక ధర్మమున్నది. పూత రాలినచోట మరల సున్నము నూరి పూయుదురు. పూత రాలినదని బావిని పూడ్చివేసి, పది ఊళ్ల అవతల వేరొక బావి త్రవ్వుకొనుమని ఎవరును చెప్పరు. ఏలయనగా ఊట ఇచ్చటనే ఉన్నది.

ఈ నెల నీతో మాటలాడదలచినది ఇండ్లను గూర్చి. పాతబడిన బస్తీ ఇండ్లను, శిథిలమైన ప్రభుత్వపు ఇండ్లను, తాళము పడియున్న కట్టడములను, అందలి జనులను వెడలగొట్టకుండ, ఆ జనుల చేతులమీదుగానే బాగుచేయించుట సాధ్యమగునా? ఇది మేస్త్రీలకును ఇంజనీర్లకును సంబంధించిన ప్రశ్న యని పుట త్రిప్పివేయకుము. మన నగరము ఈ ప్రశ్నను నూరేండ్లకు పైగా వేసికొనుచు, ఒక్కొక్క తరములో ఒక్కొక్క జవాబు చెప్పుకొన్నది. వానిలో ఒక మంచి జవాబు మన కండ్లముందే మరుగునపడినది. దానిని తిరిగి జ్ఞప్తికి తెచ్చుటయే ఈ వ్యాసపు ఉద్దేశము.

మొదట ఒక లెక్క చూడుము. గచ్చిబౌలిలోని ఒక అపార్టుమెంటుకు ఉదయము ఆరు గంటలకు అంట్లు తోముటకు వచ్చు స్త్రీని తలంచుకొనుము. ఆమె ఇల్లు నడిచివచ్చు దూరములో ఉన్నంతవరకు నాలుగిండ్లలో పనిచేసి, పది గంటలకెల్ల తన ఇంటికి పోయి పొయ్యి వెలిగింపగలదు. చంటిబిడ్డను ప్రక్కింటి ముసలమ్మ చూచుచుండును. జీతము ఆలస్యమైన నెలలో కిరాణా కొట్టువాడు ఖాతా వ్రాసికొని బియ్యమిచ్చును. ఆమెను అచ్చటినుండి లేపి, ముప్పది కిలోమీటర్ల దూరమున రెండు గదుల సిమెంటు ఇల్లు ఇచ్చితిమనుకొనుము. ఇల్లు మంచిదే. కాని రానుపోను బస్సులలో మూడు గంటలు పోవును. నాలుగిండ్ల పని రెండిండ్లకు దిగును. ముసలమ్మ వేరొక చోటికి పోయినది. క్రొత్త కొట్టువాడు ఆమెను ఎరుగడు. గోడలు ఇచ్చితిమి గాని, ఆ గోడల మధ్య బ్రతుకు నడుపుకొను దారిని తీసికొంటిమి. ఈ నష్టము ఏ కాంట్రాక్టరు లెక్కలోను కనబడదు. అయినను ఇది నిజమైన నష్టమే.

ఇప్పుడు వెనుకకు పోయి చూతము.

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదును ముంచెను. వేలకొలది జనులు మరణించిరి. ఇండ్లు వేలకొలది కూలిపోయెను. మరుసటి సంవత్సరము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పిలువబడి వచ్చి, వరదను ఆపుటకు ఉపాయములు చెప్పిరి. వాటి ఫలముగా 1920లో ఉస్మాన్ సాగరు, 1927లో హిమాయత్ సాగరు పూర్తియయ్యెను. గండిపేట చెరువని మనము పిలుచు ఉస్మాన్ సాగరు గచ్చిబౌలికి దగ్గరలోనే ఉన్నది. వరద వెనుకనే 1911లో ప్లేగు వచ్చెను. అప్పుడు, 1912లో, నిజాము ప్రభుత్వము నగరాభివృద్ధి బోర్డును స్థాపించెను. ఇరుకు సందులను పడగొట్టుట, వెడల్పైన వీధులు తీయుట, గాలి వెలుతురు గల ఇండ్లను వరుసలుగా కట్టి అద్దెకిచ్చుట ఆ బోర్డు పనులు. పత్తర్‌గట్టీ రాతి కమానులు, 1935 నాటి మొజంజాహి మార్కెట్టు ఆ బోర్డు కాలపు గురుతులే.

ఆ పనిని చిన్నచూపు చూడరాదు. ప్లేగు ఎలుకలు తిరుగు చీకటి సందులకన్న గాలియాడు వీధి మేలే. అయినను ఆ పనిలోని పద్ధతిని గమనింపుము. ఏ సందును కొట్టవలెనో బోర్డు నిశ్చయించెను. క్రొత్త ఇల్లు ఎట్లుండవలెనో బోర్డు నిశ్చయించెను. అద్దె ఎంతయో బోర్డు నిశ్చయించెను. అచ్చట కాపురమున్నవారికి మిగిలినది ఒక్కటే పని, మూట సర్దుకొనుట. మేలు చేయువాడు ఒకడు, మేలు పొందువాడు మరియొకడు అను ఈ ఏర్పాటు ఆ దినములలో లోకమంతట ఉన్నదే. అది మన దేశములో చాల కాలము నిలిచినది.

1956లో మన పార్లమెంటు కేంద్రపాలిత ప్రాంతముల కొరకు మురికివాడల చట్టమును చేసెను. దాని పేరులో రెండు మాటలున్నవి: బాగుచేయుట, తొలగించుట. అదే 1956 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టపు పేరులో మురికివాడలను బాగుచేయుట అను మాట యున్నది గాని, తొలగించుట అను మాట లేదు. పేరును బట్టి అంతయు జరిగినదని చెప్పను. కాని రెండు దారులున్నవని, ఆ రెండింటిలో ఒకదానిని ఎన్నుకొనవలసియున్నదని ఆనాటికే తెలిసినదని దీనివలన గ్రహింపవచ్చును.

ఇక మన కథలో ముఖ్యమైన భాగమునకు వచ్చితిమి.

పట్టణములలోని బీదపేటల జనులే తమ పేటను బాగుచేసికొనునట్లు వారికి తోడ్పడవలెనను ప్రయత్నము 1958లో ఢిల్లీలో మొదలాయెను. తరువాత భారత ప్రభుత్వము కొన్ని నగరములలో దీనిని పరీక్షింప దలచెను. హైదరాబాదు పురపాలక సంస్థలో 1967వ సంవత్సరమున పట్టణ సముదాయాభివృద్ధి శాఖ ఏర్పడెను. ఇతర నగరములలో అనేక చోట్ల ఆ పని కొంతకాలము నడిచి చల్లారెను. హైదరాబాదులో మాత్రము అది వేరు పట్టెను. ఎందువలన?

ఆ శాఖవారు బస్తీకి పోయినప్పుడు చేతిలో నక్షాతో పోలేదు. సముదాయ కార్యకర్తలు వట్టి చేతులతో పోయి, ఇంటింట కూర్చుండి, మీకు మొదట కావలసినదేమని అడిగిరి. ఒకచోట పసిపిల్లలకు బాలవాడి కావలెననిరి. ఒకచోట స్త్రీలు కుట్టుపని నేర్చుకొందుమనిరి. ఒకచోట కాలువ, ఒకచోట దీపము. అవి చిన్న పనులే. కాని వాటిని చేయుటకు బస్తీవారు కూడవలెను, తమ వంతు ఇయ్యవలెను, లెక్క వ్రాయవలెను, ఒకరినొకరు నమ్మవలెను. మహిళా మండలులు, యువక సంఘములు ఇట్లు పుట్టెను. బాలవాడి నడిపిన చేతులు తరువాత ఇంకను పెద్ద పనికి సిద్ధమాయెను. ఐక్యరాజ్యసమితి బాలల నిధి, అనగా యునిసెఫ్, ఈ పనిని చూచి సహాయమిచ్చెను. 1970ల చివరకు అది నగరములో విరివిగా వ్యాపించెను.

ఆ పెద్ద పని ఏదనగా ఇండ్లు కట్టుకొనుట. ఇందులో మూడు సంగతులు కలిసివచ్చెను. మొదటిది, గుడిసె యున్న నేలకు ప్రభుత్వము పట్టా ఇచ్చుట. రేపు లేపివేయుదురేమో యను భయము గలవాడు గోడకు ఇటుక పెట్టడు; పాత గోనెసంచి కట్టి సరిపెట్టుకొనును. పట్టా చేతికి రాగానే అదే మనుష్యుడు కూడబెట్టుట ఆరంభించును. రెండవది, బ్యాంకు అప్పు. 1972లో మన దేశమందు బీదలకు నూటికి నాలుగు రూపాయల వడ్డీపై అప్పిచ్చు పద్ధతి వచ్చెను. పూచీకి ఆస్తి లేనివానిని బ్యాంకు గుమ్మము త్రొక్కనీయని రోజులలో, ఆ పద్ధతి బస్తీవారికి తెరువబడిన తలుపయ్యెను. మూడవది, కట్టు పని వారి చేతిలోనే ఉండుట. పాత గుడిసెలు అడ్డదిడ్డముగా ఉన్నచోట దారి వదలుటకు ఎవరు ఎన్ని అడుగులు వెనుకకు జరుగవలెనో బస్తీ సంఘమే కూర్చుండి తేల్చవలెను. పై అధికారి వచ్చి ఆజ్ఞాపించినయెడల కోర్టుకు పోవువారు, తమవారి నడుమ కూర్చుండి ఒప్పుకొనిరి. ఈ విధముగా హైదరాబాదు బస్తీలలో వేలకొలది ఇండ్లు, అవే చోటులలో, అవే కుటుంబముల కొరకు లేచినవి.

విలియం కజిన్స్, కాథరిన్ గోయిడర్ అను ఇద్దరు ఈ పనిని దగ్గరనుండి చూచి, మారుచున్న బస్తీలను గూర్చి ఒక గ్రంథము వ్రాసిరి. అది 1979లో అచ్చుపడెను. 1980లలో బ్రిటిషు ప్రభుత్వపు సహాయముతో హైదరాబాదులోను, ఆ దశాబ్దపు చివర విశాఖపట్టణములోను, తరువాత విజయవాడలోను బస్తీలకు నీటి గొట్టములు, కాలువలు, రాళ్లు పరచిన దారులు, దీపములు అమర్చిరి. జనులను లేపి కాదు, జనులున్నచోటనే. ఇంటి ముందు దారి బాగుపడగానే ఇంటివాడు తన గోడకు తానే సున్నము వేసికొనుట ఆ పేటలలో చూచిన సంగతి.

చదువరీ, ఈ చరిత్రనుండి మూడు ప్రశ్నలను ఏరి నీ చేతికిచ్చెదను. ఎక్కడ ఇండ్లను బాగుచేయుదుమని ఎవరు చెప్పినను వీనిని అడుగుము. ఒకటి: నేల ఎవరి పేర వ్రాయబడియున్నది? రెండు: ఏమి కట్టవలెనో నిశ్చయించునది ఎవరు? మూడు: పని జరుగునంత కాలము ఆ కుటుంబములు ఎక్కడ ఉండును, తిరిగి రావలెనన్న వారికి చీటీ వ్రాసి ఇచ్చినవారెవరు? ఈ మూడింటికి జవాబు చెప్పలేని పథకము ఎంత అందమైన బొమ్మతో వచ్చినను దానిని నమ్మకుము.

ఈ ప్రశ్నలతో మన కాలపు రెండు పనులను పరీక్షింతము.

సికింద్రాబాదులో భోయిగూడ దగ్గర ఐ.డి.హెచ్. కాలనీ అను పేట యున్నది. అచ్చటి పాత ఇండ్లు శిథిలమైపోగా, తెలంగాణ ప్రభుత్వము వాటిని తీసివేసి, అదే స్థలమున 396 ఇండ్లను కట్టి 2015వ సంవత్సరము నవంబరులో ఇచ్చెను. రెండు పడక గదులు, ఒక నడవ, ఒక వంటిల్లు. మొత్తము మూడంతస్తులు మాత్రమే. డబుల్ బెడ్రూం పథకమునకు ఇది మొదటి మాదిరి. కట్టు కాలములో అచ్చటివారు ఇల్లు విడువక తప్పలేదు. కట్టినది ప్రభుత్వమే గాని వారు కాదు. అయినను ఏ పేటవారు లేచిరో ఆ పేటవారే తిరిగివచ్చిరి. పాత బడి, పాత పని, పాత ఇరుగుపొరుగు వారికి మిగిలినవి. మలక్‌పేట దాపున పిల్లిగుడిసెలు అను చోట 2021వ సంవత్సరము ఆగస్టులో తెరచిన 288 ఇండ్లును ఈ తెగకు చెందినవే.

ఇప్పుడు గచ్చిబౌలినుండి ఔటర్ రింగు రోడ్డు మీద పడమర వైపుగా పోయి కొల్లూరు చూడుము. అచ్చట 145 ఎకరములలో 15,660 ఇండ్లు ఒకే ఊరుగా లేచినవి. 2023వ సంవత్సరము జూన్ 22వ తేదీన అవి ప్రారంభింపబడెను. కట్టడములు ఎత్తైనవి, లిఫ్టులు ఉన్నవి, రోడ్లు వెడల్పైనవి. అంత పెద్ద పనిని తేలికగా మాటలాడుట తగదు. కాని ఇండ్లను పంచినది చీటీ పద్ధతిన. నగరమునకు ఈ చివరనుండియు ఆ చివరనుండియు దరఖాస్తు పెట్టినవారిని కంప్యూటరు ఏరెను. ఒకే సందులో ముప్పది ఏండ్లు కలిసియున్న రెండు కుటుంబములలో ఒకటి కొల్లూరునకు, మరియొకటి ఎక్కడికో. పాతబస్తీలో గాజుల పని చేయువానికి కొల్లూరు ఇల్లు వచ్చినయెడల, ఇల్లు వచ్చినదని సంతోషింపవలెనా, పని పోయినదని దుఃఖింపవలెనా? తరువాతి కాలములో అచ్చటి ఇండ్లలో అనేకములు తాళము వేసియున్నవని పత్రికలు వ్రాసినవి. ఇండ్లు లేనివారును ఉన్నారు, ఇంటివారు లేని ఇండ్లును ఉన్నవి.

ఈ వింత కొల్లూరు ఒక్కదానిది కాదు. 2011 జనాభా లెక్కలను చూడుము. మన దేశపు పట్టణములలో ఆనాడు ఖాళీగా ఉన్న ఇండ్లు సుమారు 1 కోటి 11 లక్షలు. మరుసటి సంవత్సరము కేంద్ర ప్రభుత్వపు నిపుణుల సంఘము పట్టణములలో ఇండ్ల కొరత ఎంతయో లెక్కించి, 1 కోటి 88 లక్షలకు కొంచెము తక్కువ యని చెప్పెను. ఆ లెక్కను విప్పి చూచినప్పుడు ఆశ్చర్యము కలుగును. అందులో నీడయే లేక వీధిన ఉన్న కుటుంబములు 5 లక్షల 30 వేలు. సుమారు 1 కోటి 50 లక్షల కుటుంబములకు ఇల్లు ఉన్నది. కాని అది ఇరుకు. మిగిలినవి పాతబడిన ఇండ్లు, మట్టి ఇండ్లు. కాబట్టి అధిక సంఖ్యాకులకు కావలసినది దూరమందు క్రొత్త ఊరు కాదు. ఉన్న ఇంటికి ఇంకొక గది, ఉన్న కప్పునకు గట్టిదనము, ఉన్న వీధికి నీరు. రోగము ఒకటి, మందు ఒకటి అన్నట్లు ఉన్నది మన పని.

ఖాళీ కట్టడములను బాగుచేయుట కష్టమని చెప్పుదురు. గచ్చిబౌలి దానికి జవాబిచ్చినది. అచ్చటి క్రీడామైదానము దాపున క్రీడాకారుల బస కొరకు కట్టిన పెద్ద మేడ ఒకటి సరియైన వాడుక లేక యుండెను. 2020వ సంవత్సరమున కరోనా వ్యాధి వచ్చినప్పుడు, ఏప్రిల్ నెలలో ఇంచుమించు మూడు వారములలో దానిని 1,500 పడకల ఆసుపత్రిగా మార్చిరి. మనస్సుంటే ఖాళీ మేడ మూడు వారములలో ప్రాణము పోసికొనును. మరి 2007లో ఏర్పడిన రాజీవ్ స్వగృహ సంస్థ బండ్లగూడలోను పోచారములోను మొదలుపెట్టిన మేడలు సగము కట్టి విడువబడి, ఎండకు ఎండి వానకు తడిసి, 2022లో గాని చీటీలు తీసి అమ్మబడలేదు. సున్నము కొరతయా? కాదు. ఆ మేడలు మావి యని అడుగుటకు చుట్టును ఒక సంఘము లేకపోవుటయే కొరత.

ఇతర దేశములు కూడ ఈ పాఠమును నేర్చుకొన్నవి. వానిలో కొన్ని నష్టపడిన తరువాతనే నేర్చుకొన్నవి. స్కాట్లండులోని గ్లాస్గో పట్టణమున 1960లలో పాత రాతి మేడలను వీధులకు వీధులు పడగొట్టి, కార్మికులను దూరపు శివారులకు పంపిరి. 1970ల ఆరంభమున గోవన్ అను పేటలో రేమండ్ యంగ్ అను వాస్తుశిల్పియు అతని తోటివారును వేరొక దారి చూపిరి. మెట్ల దగ్గర అందరికి ఒక్కటే మరుగుదొడ్డి గల ఆ మేడలలో ఇంటింటికి స్నానపు గది అమర్చిరి. కాపురమున్నవారే కమిటీగా ఏర్పడి పనిని నడిపించిరి. 1974 నాటి చట్టము ఇట్టి సంఘములకు సర్కారు సొమ్ము దొరకునట్లు చేసెను. నేటికిని ఆ పట్టణములో ఇట్టి సంఘములు అనేకము ఉన్నవి. ఇంగ్లండులోని లివర్‌పూలులో గ్రాన్‌బీ అను పేటలో ఇండ్లను ఖాళీచేయించి పలకలు కొట్టి వదలివేయగా, మిగిలియున్న కొద్దిమంది, ముఖ్యముగా స్త్రీలు, చీపుళ్లు పట్టి వీధులు ఊడ్చిరి. మూతపడిన కిటికీలకు రంగులు వేసిరి. వీధిలో మొక్కలు పెంచిరి. 2011లో వారు నేలను ఉమ్మడిగా పట్టియుంచు సంఘమును స్థాపించి, పది ఇండ్లను బాగుచేయించిరి. 2015లో ఆ పనికి తోడైన అసెంబుల్ అను యువ బృందమునకు చిత్రకళలో పేరుపడిన టర్నర్ బహుమానము వచ్చెను.

ఫ్రాన్సులోని బోర్డో నగరపు కథ మూడవ ప్రశ్నకు జవాబు. 1960ల నాటి మూడు పెద్ద ప్రభుత్వపు మేడలు, వాటిలో 530 కాపురములు. పడగొట్టుటకు మారుగా, బయటి గోడను తెరచి, ప్రతి ఇంటికి వెలుపలి వైపున అద్దాల వసారా ఒకటి జతచేసిరి. పని జరిగినంత కాలమును ఇంటివారు ఇంటిలోనే ఉండిరి. ఆ పని చేసినవారిలో ఇద్దరు, ఆన్ లకాటన్, జాన్ ఫిలిప్ వసాల్, 2021లో వాస్తుశిల్పులకిచ్చు ప్రిట్జ్‌కర్ బహుమానము పొందిరి. ధనిక దేశము గనుక చేసిరనుకొందువేమో. అయితే పూనా నగరములోని యెరవాడ చూడుము. 2009 తరువాత అచ్చటి బస్తీలలో మహిళా మిలన్ అను స్త్రీల సంఘము ముందు నిలిచి, పక్కా ఇండ్లను ముట్టక, రేకుల ఇండ్లను మాత్రమే తీసి, అదే జాగాలో చిన్న పక్కా ఇండ్లు కట్టించినది. కుటుంబము తన వంతుగా నూటికి పది పాళ్లు ఇచ్చెను. ఏ ఇంటి తలుపు ఏ దిక్కునకు ఉండవలెనో ఆ ఇంటి ఆడవారు కూర్చుండి చెప్పిరి.

ఇన్ని మంచి మాటలు చెప్పిన పిమ్మట, ఎదురు మాటలను దాచుట న్యాయము కాదు. అన్ని ఇండ్లను ఉన్నచోటనే బాగుచేయవచ్చునా? కాదు. 1908 సంగతి ఎరిగినవాడెవడును నదీగర్భములో ఇల్లు నిలుపుమని చెప్పడు. 2024లో మూసీ గర్భములోని కుటుంబములను కొన్నిటిని లేపి డబుల్ బెడ్రూం ఇండ్లకు చేర్చిరి. వారిలో చాదర్‌ఘాట్ వైపువారు కొందరు దగ్గరనున్న మలక్‌పేట పిల్లిగుడిసెల ఇండ్లకే పోగలిగిరి. లేపక తప్పనిచోట ఇట్లు నడక దూరములో చోటు చూపుట రెండవ మేలు. ఇల్లు పోవు భయము కన్న నది భయము పెద్దది కావచ్చును; కాని ఆ సంగతి కాపురస్థులకు ముందుగా చెప్పి, కూర్చుండబెట్టి మాటలాడి, గడువిచ్చి చేయుట వేరు, తెల్లవారుజామున యంత్రములతో వచ్చుట వేరు.

మరియొక ఎదురు మాట: పట్టా ఇచ్చినయెడల బీదవాడు దానిని అమ్ముకొని మరల వేరొకచోట గుడిసె వేయును గదా? కొందరు అమ్మిరి, నిజమే. ప్రభుత్వము ఇచ్చిన భూములను అమ్మరాదని 1977లో చట్టమే వచ్చెను. గచ్చిబౌలి వంటి చోట గజము ధర బంగారముతో పోటీపడుచున్నప్పుడు ఆశ చూపువారు తలుపు తట్టుదురు. కాని ఎవరు అమ్ముదురో యోచింపుము. ఆసుపత్రి అప్పు పడినవాడు, కూతురి పెండ్లికి దారి లేనివాడు, ఒంటరివాడు. బస్తీ సంఘము బలముగా ఉండి, కష్టమునకు చేబదులిచ్చు పొదుపు గుంపు ఉన్నచోట అమ్మకములు తగ్గును. గ్రాన్‌బీవారు నేలను ఉమ్మడిగా పట్టుకొన్నది అందువలననే. మందు పట్టాను నిరాకరించుటలో లేదు. పట్టాకు తోడు సంఘమును నిలుపుటలో ఉన్నది.

మూడవ ఎదురు మాట కాలమును గూర్చినది. బస్తీవారితో కూర్చుండి మాటలాడుటకు నెలలు పట్టును. కాంట్రాక్టరుకు ఇచ్చినయెడల త్వరగా ముగియును అందురు. త్వరగా ముగియునది కట్టడము. ఆ తరువాత ఏమగును? నీళ్ల మోటారు చెడినప్పుడు ఎవరు బాగుచేయింతురు? మెట్ల దీపమునకు బిల్లు ఎవరు కట్టుదురు? ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు ఊరక చెప్పలేదు. కట్టుటలో పాలు పంచుకొన్నవానికే కష్టము తెలియును. కష్టము తెలిసినవాడే కప్పు కారకముందు నిచ్చెన వేయును. మాటలకు పట్టిన ఆరు నెలలు తరువాతి ముప్పది ఏండ్లలో తిరిగివచ్చును. ముందు ఆ ఆరు నెలలు ఇయ్యనివారు, తరువాత తాళము పడిన ఇండ్లను లెక్కించుచు అంతకన్న ఎక్కువ కాలము పోగొట్టుకొందురు.

చదువరీ, ఇదంతయు ప్రభుత్వమునకు చెప్పవలసిన మాట యని నీవు అనవచ్చును. కొంత నీకును చెప్పవలసియున్నది. గచ్చిబౌలిలోను, కొండాపూరులోను, నానక్‌రాంగూడలోను మేడలలో కాపురమున్న వేలమంది తమ ఇంటిపనికి, కాపలాకు, కారు నడుపుటకు వచ్చు మనుష్యులు ఎక్కడనుండి వచ్చుచున్నారో అడిగి తెలిసికొనరు. ప్రక్కన ఉన్న బస్తీ మాత్రము కంటికి నచ్చదు. కిటికీనుండి బాగుండదని, ఫ్లాటు ధర తగ్గునని, దానిని తీసివేయింపుడని అర్జీ వ్రాయుదురు. ఆ అర్జీ మీద నీ సంతకము అడిగినప్పుడు ఈ మూడు ప్రశ్నలను తలంచుకొనుము. తీసివేయుమని వ్రాయుటకు మారుగా, ఆ బస్తీకి మురుగు కాలువ వేయింపుడని, పట్టాలు ఇప్పింపుడని, వారి సంఘముతో కూర్చుండి నక్షా గీయుడని వ్రాయవచ్చును. కాగితము ఒక్కటే, సంతకము ఒక్కటే, ఫలము వేరు.

నీవు ఇంజనీరువైతే, ఒక ఆదివారము బస్తీ సంఘపు కప్పును పరీక్షించి, ఏ దూలము నిలుచును, ఏది నిలువదో చెప్పుము. బ్యాంకులో ఉన్నవాడవైతే, చిన్న అప్పుల ఫారము నింపుటకు ఒక గంట ఇమ్ము. ఏమియు కానివాడవైతే, నీ ఇంటికి వచ్చు పనిమనిషిని ఆమె ఇంటిని గూర్చి అడుగుము. ఆమెకు పట్టా ఉన్నదా, నీళ్లు వచ్చుచున్నవా, ఆ చోటు ఉండునో పోవునో యను భయమున్నదా? 1967లో మన నగరపు కార్యకర్తలు మొదలుపెట్టినది ఇంతే. వారు ఇటుకతో ఆరంభింపలేదు, అడుగుటతో ఆరంభించిరి.

ఆ పని చేసినవారిలో అనేకుల పేర్లు ఏ రాతిమీదను చెక్కబడలేదు. అయినను పాత హైదరాబాదు సందులలో నడిచిపోవునప్పుడు, ఒకప్పటి గుడిసె జాగాలో నిలిచిన చిన్న ఇల్లు, దానిమీద కొడుకు కట్టిన ఇంకొక గది, గుమ్మములో కూర్చుండి బియ్యము ఏరుచున్న ముసలమ్మ నీకు కనబడవచ్చును. ఆమె ఎక్కడికిని పోలేదు. ఇల్లే ఆమె చుట్టు కొద్దికొద్దిగా బాగుపడుచు వచ్చినది.